ఫలితం ఒకటే, పట్టే కాలం వేరు

ప్రశ్న: అయ్యా, మాది తిరుపతిలో పాల సేకరణ కేంద్రాలకు యంత్రాలు తయారుచేసే చిన్న సంస్థ. రైతు నంబరు, పోసిన లీటర్లు, వెన్న శాతం సందేశంగా సర్వరుకు వెళ్తాయి; సర్వరు నుంచి రేటు పట్టిక యంత్రానికి వస్తుంది. దారిలో ఎవరూ అంకెలు మార్చకుండా ప్రతి సందేశానికీ 16 బైట్ల ధ్రువీకరణ ముద్ర జతచేస్తున్నాము. ఆ ముద్రను సరిచూసే ఫంక్షన్లు కాన్‌స్టంట్‌-టైమ్‌గా, అంటే రహస్యం ఏదైనా పట్టే కాలం మారకుండా ఉండాలని చదివి, సీ భాషలో ఒక్క షరతు (దారిని రెండుగా చీల్చే ‘ఇఫ్’ వంటి వాక్యం) కూడా లేకుండా రాశాను. సీ కోడ్‌ను ప్రాసెసర్ నడిపే మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్లు మూడు వాడుతున్నాను. సర్వరులో జీసీసీతో అంతా బాగానే ఉంది. యంత్రం కోసం క్లాంగ్‌తో కంపైల్ చేసి మెషీన్ కోడ్ చూస్తే, నేను తీసేసిన షరతు అక్కడ మళ్ళీ కనబడింది. కేంద్రంలోని విండోస్ కంప్యూటరు కోసం మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాడితే అదే ఫైలు అసలు కంపైలే కావడం లేదు. తప్పు నాదా, కంపైలర్లదా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తప్పు మీదని గానీ కంపైలర్‌దని గానీ అనలేము. సీ భాషా ప్రమాణం ఎన్నడూ ఇవ్వని హామీని మీరు దాని నుంచి ఆశించారు. ఈ రంగంలో పనిచేసేవారిలో చాలామంది ఏళ్ళ తరబడి అలాగే ఆశిస్తూ వచ్చారు. ఆ హామీ ఎందుకు లేదో అర్థమైతే మీ మూడు కంపైలర్ల తగవు చాలావరకు తీరుతుంది కాబట్టి, మొదటి నుంచి చెబుతాను.

సీ భాషలోని మెమ్‌సీఎంపీ వంటి మామూలు పోలిక ఫంక్షన్ మొదటి తేడా కనబడగానే ఆగిపోవచ్చు. కేంద్రంలో గుమాస్తా ఒక చీటీ మీది 16 అంకెలను ఖాతా పుస్తకంతో ఒక్కొక్కటిగా వేలు పెట్టి సరిచూస్తూ, తేడా వచ్చిన చోటనే చీటీ వెనక్కి ఇచ్చేస్తున్నాడనుకోండి. ఎన్ని అంకెలు సరిపోయాయో ఆయన నోరు విప్పి చెప్పనక్కరలేదు. వేలు ఎంతసేపు కదిలిందో ఎదురుగా నిలబడినవాడు గమనిస్తే చాలు. మీ ముద్ర విషయంలోనూ ఇదే జరుగుతుంది. 16 బైట్లను గుడ్డిగా ఊహించాలంటే 2 ఘాతం 128 అవకాశాలు ఉన్నాయి, అది ఎవరి వల్లా కాని పని. అయితే మొదటి బైటు సరిపోయినప్పుడు జవాబు రవ్వంత ఆలస్యంగా వస్తోందని తెలిస్తే, ఒక్కో బైటుకు గరిష్ఠంగా 256 ప్రయత్నాల చొప్పున మొత్తం 4,096 ప్రయత్నాలతో దొంగ రేటు పట్టికకు సరైన ముద్ర తయారవుతుంది. కొలతలోని ఒడుదొడుకులను సరిచేసుకోవడానికి ఒక్కో ప్రయత్నాన్ని వెయ్యిసార్లు చేసినా లెక్క 40 లక్షల 96 వేలకు మించదు, యంత్రం ఎదుట కూర్చున్నవాడికి అది పెద్ద సంఖ్య కాదు. ఆ పట్టికలోని అంకెలు చివరికి ఒక రైతు పాల బిల్లులో తేలుతాయి కనుక మీరు ఈ ప్రశ్నను పట్టుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఇది ఊహాగానం కాదు. గణనకు పట్టే సమయాన్ని కొలిచి రహస్య కీలను రాబట్టవచ్చని గుప్తలేఖన నిపుణుడు పాల్ కోచర్ 1996లో చూపించారు. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే గుప్తలేఖన లైబ్రరీని వాడే సర్వరు నుంచి స్థానిక నెట్‌వర్క్ మీదుగానే ఆర్ఎస్ఏ అనే గుప్తలేఖన పద్ధతి ప్రైవేట్ కీని రాబట్టవచ్చని పరిశోధకులు డేవిడ్ బ్రమ్లీ, డాన్ బోనే 2003లో నిరూపించారు. 2013లో, వెబ్ సమాచారాన్ని కాపాడే టీఎల్ఎస్ పద్ధతి మీద లక్కీ థర్టీన్ అనే కాలపు దాడి బయటపడిన తరువాత, సమయం మారని చిన్నచిన్న సహాయక ఫంక్షన్లను లైబ్రరీలు మరింత శ్రద్ధగా రాసుకోవడం మొదలుపెట్టాయి.

మీరు రాసినవీ ఆ జాతివే. రెండు ముద్రల బైట్లను వరుసగా ఎక్స్‌ఆర్ (బిట్లు వేరైన చోట 1 ఇచ్చే చర్య) చేసి, ఫలితాలన్నిటినీ ఒకే చలరాశిలోకి ఆర్ (ఏ ఒక్కటి 1 అయినా 1 ఇచ్చే చర్య) చేస్తూ చివరిదాకా నడిచి, ఆ తరువాత మాత్రమే ఆ చలరాశి సున్నానా కాదా అని చూస్తారు. సున్నా అవునో కాదో తేల్చడానికి కూడా షరతు వాడరు. 32 బిట్ల సంఖ్యను దాని ఋణరూపంతో ఆర్ చేస్తే, సంఖ్య సున్నా కానప్పుడు మాత్రమే పై బిట్ 1 అవుతుంది. దానిని 31 స్థానాలు కుడికి జరిపి, సున్నా నుంచి తీసివేస్తే మొత్తం ఒకట్లు గానీ మొత్తం సున్నాలు గానీ ఉన్న మాస్క్ చేతికొస్తుంది. ఆ మాస్క్‌తో రెండు విలువలలో ఒకదానిని ఎంచుకోవచ్చు, ఎక్కడా దారి చీలదు. మీరు పంపిన ఫైలులోని గణితం చదివినంతమేరకు సరిగానే ఉంది.

చిక్కంతా ఆ గణితాన్ని కంపైలర్ ఎలా చదువుతుందన్న దగ్గర ఉంది. సీ ప్రమాణం ఒక ఊహాయంత్రాన్ని వర్ణించి, ఆ యంత్రం బయటికి చూపే ప్రవర్తన మారనంతవరకు కంపైలర్ తన ఇష్టం వచ్చినట్లు కోడ్‌ను తిరగరాసుకోవచ్చని అనుమతిస్తుంది. బయటికి చూపే ప్రవర్తన అంటే వోలటైల్ అని ప్రకటించిన చలరాశులను చదవడం, రాయడం, ఫైళ్ళలోకి రాసే సమాచారం, తెరమీద జరిగే సంభాషణ మాత్రమే. పట్టే కాలం ఆ జాబితాలో లేదు. మీ పోలిక లూపునే తీసుకోండి. ఆర్ చేస్తూ పోయే చలరాశి ఒకసారి సున్నా కాకుండా పోయాక తిరిగి సున్నా కాలేదు. చివరికి అడిగేది సున్నానా కాదా అన్నదే కనుక, తేడా కనబడిన మొదటిచోటనే లూపును ఆపేసినా ఫలితం మారదు. ఏదైనా కంపైలర్ ఈ సంగతి కనిపెట్టి లూపును మధ్యలో తెంచేస్తే, మీరు కష్టపడి తీసేసిన లోపాన్ని తిరిగి తెచ్చిపెట్టినట్లే అవుతుంది. అయినా ప్రమాణం దృష్టిలో అది తప్పు చేయలేదు.

దీనికి నాకు తెలిసినంతలో అందరికన్నా స్పష్టమైన ఉదాహరణ 2024 జూన్‌లో బయటపడింది. క్వాంటం కంప్యూటర్లకు సైతం లొంగకుండా ఉండాలని రూపొందించిన కైబర్ పద్ధతి నమూనా కోడ్‌లో, 32 బైట్ల రహస్య సందేశంలోని 256 బిట్లను ఒక్కొక్కటిగా తీసుకుని, బిట్ 1 అయితే 1,665 అనే సంఖ్యనూ 0 అయితే సున్నానూ ఒక పట్టికలో రాసే ఫంక్షన్ ఉంది. రాసినవారు అచ్చం మీలాగే బిట్ నుంచి మాస్క్ తయారుచేసి, 1,665తో యాండ్ (రెండూ 1 అయితేనే 1 ఇచ్చే చర్య) చేశారు. సీ కోడ్‌లో ఎక్కడా షరతు లేదు. క్లాంగ్ మాత్రం ఆ వరుసను చూసి, మాస్క్‌కు ఉండగలిగినవి రెండే విలువలని, అంటే ఫలితం కూడా 1,665 లేదా సున్నా మాత్రమేనని గ్రహించింది. పరిమాణం తగ్గించమని కోరే ఓ-ఎస్ వంటి కొన్ని ఆప్టిమైజేషన్ స్థాయిలలో, ఎక్స్86 ప్రాసెసర్ల కోసం అది బిట్‌ను పరీక్షించే ఒక ఆదేశాన్ని, దాని వెనుకే ఒక జంప్‌ను, అంటే కోడ్‌లో మరో చోటికి దూకించే ఆదేశాన్ని ఉత్పత్తి చేసింది. ఆ జంప్ రహస్యబిట్ మీద ఆధారపడుతుంది. దానిని ఆధారం చేసుకుని డీక్యాప్సులేషన్ (రహస్య కీతో సందేశాన్ని విప్పే పని) సమయాలను కొలిచి, కైబర్ 512 స్థాయి రహస్య కీని 10 నిమిషాలలోపే రాబట్టిన ప్రదర్శన కూడా వెంటనే వచ్చింది. ఆ కోడ్‌ను ఎందరో నిపుణులు ఏళ్ళ తరబడి చదివినవారే. వారు చదివింది సీ కోడ్. ప్రాసెసర్ నడిపింది కంపైలర్ రాసిన మరో కోడ్.

కనుక మీరు చేయవలసిన మొదటి పని, మాస్క్ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో కంపైలర్‌కు కనబడకుండా అడ్డుతెర కట్టడం. జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ దీనికి ఖాళీ ఇన్‌లైన్ అసెంబ్లీ (సీ కోడ్ మధ్యలోనే ప్రాసెసర్ ఆదేశాలు రాసే వీలు) వాక్యం ఉపయోగపడుతుంది. లోపల ఒక్క ఆదేశం కూడా ఉండదు. ఈ చలరాశి ఇందులోకి వెళ్ళి ఇందులోంచే బయటికి వస్తోందని మాత్రం చెబుతాము. లోపల ఏముందో కంపైలర్ విచారించదు కాబట్టి, బయటికి వచ్చిన విలువ ఏదైనా కావచ్చుననుకుని, రెండే విలువలన్న తన పాత జ్ఞానాన్ని వదిలేస్తుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్, బోరింగ్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలలో వాల్యూ బారియర్ అన్న పేరుతో ఉన్నది ఇదే. మెషీన్ కోడ్‌లో దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం. ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి: మీరు సీ-99 ప్రమాణానికి కట్టుబడమని కంపైలర్‌కు ఆజ్ఞ ఇస్తే, ఇన్‌లైన్ అసెంబ్లీకి రాసే ఆస్మ్ అనే మాటను జీసీసీ కీలకపదంగా గుర్తించదు. అందుకే లైబ్రరీలు దానికి ముందూ వెనుకా జంట అండర్‌స్కోర్లు చేర్చి రాస్తాయి.

ఇక విండోస్ సంగతి. మైక్రోసాఫ్ట్ కంపైలర్ 64 బిట్ల ఎక్స్86కూ, ఆర్మ్‌కూ ఇన్‌లైన్ అసెంబ్లీని అసలు ఒప్పుకోదు. కనుక అక్కడ పై అడ్డుతెర కుదరదు. దానికి బదులు విలువను ఒక వోలటైల్ చలరాశిలో పెట్టి, మళ్ళీ అందులోంచి చదవాలి. వోలటైల్ రాకపోకలు బయటికి చూపే ప్రవర్తనలో భాగమని ప్రమాణమే చెబుతోంది కాబట్టి అలా తిరిగి చదవడాన్ని కంపైలర్ ఎత్తివేయడానికి వీలులేదు. మెమరీ దాకా ఒకసారి వెళ్ళి వచ్చే ఖర్చును మాత్రం భరించాలి. సహాయక ఫంక్షన్‌ను వేరే ఫైలులో పెట్టేస్తే సరిపోతుందన్న వాదన కూడా ఉంది, కైబర్ నమూనా కోడ్‌ను సరిదిద్దినప్పుడు అలా ఒక ఎంపిక ఫంక్షన్‌ను మరో ఫైలుకు తరలించారు. అయితే లింక్ సమయంలో మొత్తం ప్రోగ్రామును కలిపి ఆప్టిమైజ్ చేసే సౌకర్యం తెరిచి ఉంటే ఫైళ్ళ మధ్య గోడ నిలవదు. నేనైతే గోడను నమ్మను, తెర కడతాను.

మీ ఫైలు అక్కడ కంపైల్ కాకపోవడానికి కారణం దాదాపుగా సీ-4146 అనే హెచ్చరికే అయి ఉండాలి. అన్‌సైన్డ్ సంఖ్యకు ముందు ఋణచిహ్నం పెడితే మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఈ హెచ్చరిక ఇస్తుంది. భద్రతా తనిఖీల ఎంపిక తెరిచి ఉన్న ప్రాజెక్టులలో దానిని దోషంగానే పరిగణించి ఆగిపోతుంది. భాష ప్రకారం మీ లెక్క సరైనదే. అయినా హెచ్చరికను నోరుమూయించకుండా, ఋణచిహ్నం బదులు సున్నా నుంచి తీసివేతగా రాయండి. మెషీన్ కోడ్ ఏమీ మారదు, మూడు కంపైలర్లూ మౌనంగా ఒప్పుకుంటాయి.

అదే ఫైలులో నన్ను హెచ్చరికకన్నా ఎక్కువగా కలవరపెట్టినవి మరి రెండున్నాయి. మీరు కొన్నిచోట్ల 8, 16 బిట్ల చలరాశులు వాడారు. సీ భాషలో అవి గణనలోకి దిగగానే ఇంట్ రకానికి, అంటే గుర్తుగల సంఖ్యలుగా మారిపోతాయి. 16 బిట్ల 65,535ను అదే సంఖ్యతో గుణిస్తే 4,294,836,225 వస్తుంది. 32 బిట్ల ఇంట్‌లో పట్టేది 2,147,483,647 మాత్రమే కాబట్టి ఆ గుణకారానికి అర్థమే నిర్వచితం కాదు. చిన్న చలరాశి బిట్లను తలకిందులు చేసి (0ను 1గా, 1ను 0గా) కుడికి జరిపినా, ఋణసంఖ్యను జరిపితే ఏమవుతుందన్నది సీలో ఆయా కంపైలర్ నిర్ణయానికి వదిలిపెట్టిన విషయం. మాస్క్ లెక్కలన్నీ 32 బిట్ల అన్‌సైన్డ్ రకంలో చేసి, చివరన మాత్రమే చిన్న రకానికి దించండి. రెండవది, ఒక సంఖ్య మరొకదానికన్నా చిన్నదా అని చూడటానికి మొదటిదాని నుంచి రెండవదాన్ని తీసివేసి పై బిట్‌ను చూశారు. 400 కోట్ల నుంచి 1 తీసివేస్తే పై బిట్ 1గానే ఉంటుంది, అంటే మీ ఫంక్షన్ 400 కోట్లు ఒకటికన్నా చిన్నవని చెబుతుంది. పాల లీటర్లు అంతదాకా రావు, నిజమే. కానీ సహాయక ఫంక్షన్‌ను రేపు ఎవరు ఏ సంఖ్యతో పిలుస్తారో మనకు తెలియదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడే సూత్రం కొంత పొడవైనది: రెండవ సంఖ్యను, తీసివేత ఫలితంతో ఎక్స్‌ఆర్ చేసి, దానిని రెండు సంఖ్యల ఎక్స్‌ఆర్‌తో ఆర్ చేసి, మొత్తాన్ని మొదటి సంఖ్యతో ఎక్స్‌ఆర్ చేసి, ఆ తరువాత పై బిట్ చూస్తుంది. అది అన్ని విలువలకూ నిలుస్తుంది.

ఈ ఫంక్షన్లన్నిటినీ ఒకే హెడర్ ఫైలులోకి తెచ్చుకోండి. కంపైలర్‌ను బట్టి మారవలసింది అడ్డుతెర ఒక్కటే కాబట్టి షరతుతో కూడిన కంపైలేషన్ ఆ ఒక్క ఫంక్షన్ దగ్గరే ఉండాలి, మిగతా లైబ్రరీలో ఎక్కడా ఏ కంపైలర్ పేరూ కనబడకూడదు. ఎవరికి వారు అవసరమైన చోట చేతితో మాస్కులు రాసుకుంటే ఏమవుతుందో చూపడానికి ఒక ఉదంతం ఉంది. లక్కీ థర్టీన్‌ను సరిదిద్దే క్రమంలో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో కోడ్‌ను తిరగరాసినప్పుడు, సందేశం చివర నింపే అదనపు బైట్లకు, అంటే ప్యాడింగ్‌కు, పొడవు సరిపోతుందా లేదా అన్న ఒక తనిఖీ తప్పిపోయింది. ఆ లోపం 2016లో బయటపడేదాకా అలాగే ఉండిపోయింది.

ప్రశ్న: అమ్మా నాన్న వద్దన్నా వినకుండా ఈ రంగంలోకి వచ్చిన విద్యార్థినిని. కంపైలర్‌తో ఇంత పోరాటం ఎందుకు సార్? ఆ నాలుగు ఫంక్షన్లనూ అసెంబ్లీలోనే రాసేస్తే, లేదంటే ఆప్టిమైజేషన్ మొత్తం ఆపేస్తే సరిపోదా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఆప్టిమైజేషన్ ఆపేయడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదమ్మా. అది కూడా హామీ కాదు, పైగా లైబ్రరీని వాడేవారు ఏ స్థాయిలో కంపైల్ చేస్తారో మన చేతిలో ఉండదు.

అసెంబ్లీ ప్రశ్న మాత్రం గట్టిది. పెద్ద లైబ్రరీలు ముఖ్యమైన భాగాలను అసెంబ్లీలోనే ఉంచుతాయి, కంపైలర్ అందులో వేలుపెట్టదు. ధర ఏమిటంటే, ప్రాసెసర్ రకానికి ఒకటి చొప్పున రాయాలి, రాసిన ప్రతిదానినీ ఆ యంత్రం మీదే పరీక్షించాలి. ఓపెన్ఎస్ఎస్ఎల్ 2018 మార్చిలో ప్రకటించిన ఒక లోపాన్ని చూడండి. హెచ్‌పీ-యూఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే పీఏ-రిస్క్ ప్రాసెసర్ల కోసం అసెంబ్లీలో రాసిన పోలిక ఫంక్షన్, పొరపాటున ప్రతి బైటులోనూ అట్టడుగు బిట్‌ను మాత్రమే పోల్చేది. సమయం మారకపోవచ్చు, తీర్పు మాత్రం తప్పు. అటువంటి ఫంక్షన్ 16 బైట్ల ముద్రను చూస్తే నిజంగా పోల్చేది 16 బిట్లనే. 2 ఘాతం 128 అవకాశాలు 65,536కు కుంచించుకుపోతాయి. అదే ఫంక్షన్ సీలో ఉండి ఉంటే ఎక్కువమంది వాడే యంత్రాలమీది పరీక్షలే దాని తప్పును పట్టిచ్చేవని నా అభిప్రాయం. కొద్దిమంది మాత్రమే తాకే కోడ్‌లో తప్పు ఎక్కువకాలం బతుకుతుంది.

అసెంబ్లీకి దిగినా కాలం మీద పూర్తి పట్టు దొరకదన్నది మరో మాట. చిన్న యంత్రాలలో వాడే కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్‌లో 64 బిట్ల ఫలితమిచ్చే గుణకారానికి అంకెలను బట్టి 3 నుంచి 5 సైకిళ్ళు, భాగహారానికి 2 నుంచి 12 సైకిళ్ళు పడతాయి. అక్కడ జంప్ లేకపోయినా రహస్యం కాలంలోకి కారుతుంది. 2023 చివరలో కైబర్‌స్లాష్ అనే పేరుతో బయటపడిన లోపం ఇదే జాతిది. కైబర్ కోడ్‌లో 3,329తో భాగించే ఒక వాక్యం ఉండేది. వేగం కోసం ఆప్టిమైజ్ చేసినప్పుడు కంపైలర్లు స్థిరసంఖ్యతో భాగహారాన్ని సాధారణంగా గుణకారంగా మార్చేస్తాయి కాబట్టి ఎవరూ అనుమానించలేదు. పరిమాణం తగ్గించమని అడిగినప్పుడు మాత్రం కొన్ని కంపైలర్లు నిజమైన భాగహార ఆదేశాన్నే ఉంచాయి, దాని కాలం రహస్యాన్ని బట్టి మారింది. దిద్దుబాటుగా ఆ వాక్యాన్ని గుణకారం, కుడి జరుపులతో చేతితోనే రాశారు. రహస్యం మీద భాగహారం, శేషం గుర్తులు కనబడితే చాలు, వాటిని తీసేయండి. రహస్యాన్ని పట్టికలో సూచికగా వాడటమూ అంతే, ప్రాసెసర్ దగ్గరుండే వేగమైన చిన్న మెమరీ అయిన క్యాష్‌లో ఉన్నదీ లేనిదీ కాలంలో తేలిపోతుంది.

కనుక నా సలహా మధ్యదారి: గణితం సీలో, తెర మాత్రం కంపైలర్‌ను బట్టి. అసెంబ్లీని మీ చేతిలో ఆ ప్రాసెసర్ బోర్డు ఉండి, ప్రతి మార్పునూ దానిమీద నడిపి చూడగలిగినప్పుడు రాయండి. మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: కంపైలర్ షరతును మళ్ళీ చొప్పించిందో లేదో ప్రతిసారీ మెషీన్ కోడ్ చదివి తెలుసుకోవడం మా నలుగురు మనుషుల బృందానికి సాధ్యమేనా? యంత్రమే చెప్పే ఉపాయం ఉందా?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ఉంది. లినక్స్‌లో వాల్‌గ్రైండ్ అనే సాధనం విలువ పెట్టని మెమరీని వాడినప్పుడు ఫిర్యాదు చేస్తుంది. ఆ మెమరీని నకలు చేసినా, కూడినా అది పట్టించుకోదు. దాని ఆధారంగా జంప్ చేసినా, దానిని చిరునామాగా వాడినా మాత్రం ఊరుకోదు. రహస్య కీకి విలువ పెట్టలేదని వాల్‌గ్రైండ్‌ను నమ్మిస్తే, మనకు కావలసిన తనిఖీ అదే చేసిపెడుతుందని గుప్తలేఖన ఇంజినీరు ఆడమ్ లాంగ్లీ 2010లో గమనించారు. అది చూసేది కంపైలర్ పుట్టించిన అసలు కోడ్‌నే కాబట్టి, మన మొదటి పాఠకుడికి క్లాంగ్ చేసినట్లు షరతు తిరిగి వస్తే వెంటనే దొరికిపోతుంది. జీసీసీ, క్లాంగ్‌లను ఒకటికి రెండు వెర్షన్లలో, ఓ-1, ఓ-2, ఓ-3, ఓ-ఎస్ స్థాయిలన్నిటిలో కంపైల్ చేసి, ఈ పరీక్షను ప్రతి మార్పుతోపాటు రాత్రిపూట దానంతట అది నడిచేలా పెట్టుకోండి. కాలం మారే భాగహారాన్ని వాల్‌గ్రైండ్ పట్టుకోలేదు. దానికోసం మెషీన్ కోడ్‌లో భాగహార ఆదేశాలను వెతికే చిన్న స్క్రిప్టు చాలు. నిజమైన కాలాన్నే కొలవాలనుకుంటే, 2017లో వచ్చిన డ్యూడెక్ట్ అనే సాధనం రెండు రకాల ఇన్‌పుట్‌ల సమయాలను సేకరించి, వాటి మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా అని గణాంక పరీక్షతో తేలుస్తుంది. దానిని మీ బోర్డు మీదే నడపవచ్చు. విండోస్ కోసం మాత్రం మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఇచ్చే అసెంబ్లీ లిస్టింగ్‌ను కంటితో చదవక తప్పదు. ఫంక్షన్లన్నీ ఒకే హెడర్‌లో ఉంటే అది ఒక మధ్యాహ్నం పని.

వాల్‌గ్రైండ్‌తో మొదటిసారి నడిపినప్పుడు, పోలిక ముగిశాక ముద్ర సరైనదా కాదా అని మీరు రాసిన చివరి షరతు దగ్గర అది తప్పకుండా ఫిర్యాదు చేస్తుంది. ఆ తీర్పు ఎలాగూ బయటికి తెలియవలసిందే కనుక, ఆ ఒక్క ఫలితానికి విలువ ఉందని అక్కడ ప్రకటించి ముందుకు సాగండి. ఆ ప్రకటనను కోడ్‌లో ఎక్కడెక్కడ రాశారో ఒక కాగితం మీద గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే రహస్యం కాదని మీరు తేల్చిన చోట్లన్నీ అవే.